ఆగితే మరుగుతోంది, కదిలితే చల్లబడుతోంది

ప్రశ్న: మాది ముప్పయ్యేళ్ల నాటి కార్బ్యురేటర్ కారు. బెల్టుతో తిరిగే ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాం. ఏసీ కూడా తర్వాత బిగించిందే. సిగ్నల్ దగ్గర కాసేపు ఆగితే టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత దాకా పోతుంది, 60 వేగం అందుకోగానే దిగుతుంది. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) పీకేసినా తేడా లేదు. ఇప్పుడు హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పాలంటున్నాడు. విప్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. కదిలితే చల్లబడుతోందంటే నీళ్లు తిరుగుతున్నట్టే, రేడియేటర్ వేడిని వదులుతున్నట్టే. ఆగినప్పుడు గాలి లాగాల్సింది ఫ్యాన్. మీరు మార్చిందీ దాన్నే కాబట్టి అక్కడే మొదలుపెట్టండి.

ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు రేడియేటర్ ముందువైపు (ఏసీ ఉంది కాబట్టి దానికి ముందుండే ఏసీ జాలీ, అంటే కండెన్సర్ ముందు) ఒక కాగితం పెట్టండి. అతుక్కుని నిలవాలి. ఎగిరి మీ మీదికొస్తే వైర్లు తారుమారై ఫ్యాన్ తిరగబడి తిరుగుతోంది. జారి కిందపడితే గాలి చాలడం లేదు. ఇంజిన్, ఫ్యాన్ రెండూ నడుస్తుండగానే మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, ఫ్యాన్ ప్లగ్ దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 13.8, ఫ్యాన్ దగ్గర 11.5 కనిపిస్తే మిగతాది సన్నటి వైర్లలోనో, తుప్పు పట్టిన ఎర్త్‌లోనో పోతోంది. తేడా అర వోల్టు లోపు ఉండాలి. డ్యాష్‌బోర్డు స్విచ్చి నుంచి నేరుగా ఫ్యాన్‌కు వైరు లాగడం ఇలాంటి మార్పుల్లో తరచూ జరిగే పొరపాటు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి), అక్కణ్ణించి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించండి.

తర్వాత ష్రౌడ్, అంటే ఫ్యాన్ చుట్టూ ఉండి రేడియేటర్ వెనకవైపును కప్పే తొడుగు. అది లేకుండా ఫ్యాన్‌ను జాలీకి అంటించి బిగిస్తే రెక్కల ఎదురుగా ఉన్న భాగం గుండానే గాలి పోతుంది, మూలలు ఊరికే ఉంటాయి. ఏసీ కండెన్సర్ వేడి కూడా రేడియేటర్ మీదే పడుతుంది కాబట్టి మీకు ష్రౌడ్ తప్పనిసరి.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. కొన్ని ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. కొత్తదైనా సరే, బిగించే ముందు గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచి చూడండి. 82 అని ముద్ర ఉంటే దాదాపు ఆ డిగ్రీల దగ్గరే తెరుచుకోవడం మొదలవ్వాలి.

హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) అనుమానం తీరాలంటే, పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తున్నా, మూత బిగించాక నీళ్లు వేడెక్కకముందే పై హోస్ రాయిలా గట్టిపడినా మెకానిక్ మాట నిజమే. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు.

ప్రశ్న: మా బండిది దీనికి తలకిందులు. ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీద వేడెక్కుతుంది.

జవాబు: కింది హోస్ చూడండి. ఇంజిన్ వేడెక్కాక న్యూట్రల్‌లో 3000 ఆర్‌పీఎంకు రేజ్ చేయించి పక్కనుంచి గమనించండి (చేతులు, చున్నీలు బెల్టుకు దూరంగా). పంపు లాగే జోరుకు మెత్తబడ్డ హోస్ చప్పిడిగా నొక్కుకుపోతుంది. మార్చేటప్పుడు పాతదాని లోపల స్ప్రింగ్ ఉంటే కొత్తదానిలోనూ ఉండాలి. హోస్ బాగుంటే ఇంజిన్, ఫ్యాన్ ఆపి రేడియేటర్ జాలీ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తిప్పండి. పక్కన వేడిగా ఉండి ఒక పట్టీ మాత్రం చల్లగా తగిలితే అక్కడి గొట్టాలు పూడిపోయాయి. పైపైన కడిగితే అవి తెరుచుకోవు, కోర్ (గొట్టాలు, జాలీ ఉన్న భాగం) మార్చాల్సి రావచ్చు.