మెట్ల మీద తట్టే మాట

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, కథ రెండూ చదివాను. హాస్టల్ వార్డెన్ అన్న ఒక్క మాటకి వారం రోజులుగా మనసులోనే జవాబులు చెప్తున్నానని, ఇదేమైనా జబ్బా అని అడిగావు. నిద్ర కూడా పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లు, నామోషీ ఏం లేదు. లేదంటే అందరం చేసే పనే. అలిపిరి మెట్లెక్కేవాళ్లను గమనించు. పెదాలు కదుపుతూ పోయేవాళ్లలో సగం మంది గోవింద నామాలు కాదు, ఎవరితోనో తగాదా పడుతున్నారని నా అనుమానం. నేనూ ఆ సగంలోవాణ్నే.

సమయానికి నోరు పెగలక, బయటికొచ్చాక తట్టే జవాబుకి ఫ్రెంచి వాళ్లు ‘మెట్ల మీది తెలివి’ అని పేరే పెట్టుకున్నారు. 18వ శతాబ్దంలో దిదెరో అనే రచయిత, ఎదుటివాళ్ల మాటకి తన బుర్ర ఆగిపోతుందని, మెట్లు దిగి కిందికొచ్చాకే మళ్లీ పనిచేస్తుందని రాసుకున్నాడు. ఆయనవి మేడ మెట్లు. మనవి 3,550. ఆ లెక్కన మనకెన్ని జవాబులు తట్టాలో!

నా టెన్షన్ నీ కథ గురించే. కోడలు అత్తను పన్నెండు వాక్యాలు ఏకబిగిన కడిగేస్తుంది. అత్త మధ్యలో ఒక్కసారైనా “ఉండవే, పాలు పొంగుతున్నాయి” అనదు. అవి నువ్వు పక్క మీద పడుకుని సానబెట్టిన మాటలు. మనసులో పోట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మాటలూ మనమే రాస్తాం. మనం గెలవడానికి పనికొచ్చేవే వాళ్ల నోట్లో పెడతాం.

ముప్ఫై ఏళ్ల కిందట బోరు నీళ్ల వంతు దగ్గర మా అన్నకీ నాకూ చెడింది. అడిగేద్దామని చిత్తూరు బస్సెక్కాను. చంద్రగిరి వచ్చేసరికి మొదటి మాట సిద్ధం. పూతలపట్టు దాటేసరికి అన్న తల దించుకున్నాడు కూడా. తీరా ఇంటికి పోతే, అరుగు మీద నుంచి లేవకుండానే నన్ను ఎగాదిగా చూసి, “కాలరు చినిగిందే. ఇప్పియ్యిరా, మీ వొదిన కుట్టిస్తాది” అన్నాడు. బనీనుతో కూర్చుని వంతు సంగతి ఎట్లా అడగను? ఆ చొక్కా మాటను నేను ఏడాది కూర్చున్నా కల్పించలేను.

అందుకే, ఎవరితోనైనా మాట పడ్డ రోజు రాత్రే, జరిగింది జరిగినట్టు నోటుబుక్కులో రాసెయ్. రెండు రోజులాగితే నీ మాటలకు పదును, వాళ్ల మాటలకు విషం వచ్చేస్తాయి. సగంలో ఆగినవీ, ఊరికే ‘ఆఁ’ అన్నవీ వదలకు. తర్వాత అదే తగాదాని వార్డెన్ వైపు నుంచి రాసి, ఆమెను గెలిపించు. ఒళ్లు మండుతుంది, మండనీ. అన్నట్టు, ‘ఏందబ్బా’ అనే మనిషి చేత ‘ఏమిటండీ’ అనిపించకు.

కథ వెనక్కి పంపుతున్నాను. మూడో పేజీలో పెన్సిలుతో గీత పెట్టిన చోట అత్తను మాట్లాడనివ్వు.

వంతు ఎట్లా తేలిందంటావా? కుట్టిన చొక్కా తెచ్చిస్తూ మా వదిన తేల్చింది. బస్సులో నేను ఆమెకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు.