పాప అడిగిన ప్రశ్న: "ఆ పసిపిల్లలు ఏం తప్పు చేశారు?"

మీ పాపకు తొమ్మిదేళ్ళన్నారు. సండే స్కూల్లో బైబిల్లోని మొదటి సమూయేలు పదిహేనో అధ్యాయం పాఠం విని, "ఆ పసిపిల్లలు ఏం తప్పు చేశారు టీచర్?" అని అడిగిందట. "దేవుణ్ణి అలా ప్రశ్నించకూడదు" అని కూర్చోబెట్టారట. ఇప్పుడు ఇంట్లో మిమ్మల్ని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచట్లేదని రాశారు.

ఆ టీచర్ కూర్చునే కుర్చీలో నేను ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చి, దాని వెనక రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. కాబట్టి ఆ టీచర్‌ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. పైగా నేను అంతకంటే ఘోరమైన జవాబు చెప్పినవాణ్ణి.

పదమూడేళ్ళ కిందటి మాట. అదే పాఠం. ఇశ్రాయేలు శత్రువులైన అమాలేకీయులను ఒక్కరినీ మిగల్చకుండా చంపమని సౌలు రాజును పంపుతూ ప్రవక్త సమూయేలు చెప్పే మాట మన పాత తెలుగు బైబిల్లో ఎలా ఉంటుందో తెలుసు కదా: "పురుషులనేమి స్త్రీలనేమి బాలురనేమి పసిపిల్లలనేమి యెద్దులనేమి గొఱ్ఱెలనేమి..." చదువుతుంటే తాళం వేసినట్టు ఉంటుంది. పిల్లల చేత బెంచీలు చరుస్తూ వల్లె వేయించాను. వాళ్ళకు మహా సరదా. ఆ సరదాలో ఏం పలుకుతున్నామో నాకూ వినపడలేదు. చివర కూర్చున్న ఒక బాబు మాత్రం బెంచీ చరచలేదు. మీ పాప అడిగిందే అడిగాడు.

నా దగ్గర రెడీమేడ్ జవాబుంది. ఏదో కన్వెన్షన్‌లో విన్నది. "వాళ్ళు పెద్దయితే తల్లిదండ్రుల్లాగే పాపులయ్యేవాళ్ళు నాన్నా. పసివాళ్ళుగా పోతే నేరుగా పరలోకమే కదా. అదీ దేవుని దయే" అన్నాను. భలే చెప్పానని కూడా అనుకున్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మా తమ్ముణ్ణి కూడా అందుకేనా సార్?" అన్నాడు.

వాడి తమ్ముడు పదకొండు రోజులు బతికాడు. అప్పటికి మూడు వారాలైంది పోయి. నారాయణగూడ సమాధుల తోటకు నేనూ వెళ్ళాను, మట్టి కూడా వేశాను. పాఠం చెప్తున్నప్పుడు అది గుర్తే రాలేదు.

ఆ సాయంత్రం వారాసిగూడలో వాళ్ళింటికి వెళ్ళాను, వాడితో ఏదో ఒకటి సర్ది చెబుదామని. వాడు పతంగి పట్టుకుని డాబా మీదికెళ్ళిపోయాడు. కింద వాళ్ళ నాయనమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది. "ఆ రాత్రి డ్యూటీల ఉన్న డాక్టరమ్మను ఎన్నిసార్లు పిలిచినా రాలే సారూ. ఆమె కడుపు గూడ ఇట్లనే కాలాలె." అనేసి, చేత్తో నోరు మూసుకుంది. కాసేపాగి, "ఇట్ల అనుడు పాపం గదా? మూడు వారాల సంది ప్రార్థనకు కూసుంటే నోట్లెకు గదే మాట వస్తున్నది" అంది.

ఏమనాలో తెలియలేదు. క్షమించాలమ్మా అనడం సులువు. ఎందుకో ఆ రోజు అనబుద్ధి కాలేదు. సంచిలో బైబిలుంది. 137వ కీర్తన తీసి మొదటినుంచీ చదివాను. బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును (యెరూషలేమును) తలుచుకుని ఏడ్వడం, చెరపట్టినవాళ్ళు పాట పాడమని వేళాకోళం చేయడం... అక్కడిదాకా మనమందరం చదువుతాం, దాని మీద ప్రసంగాలూ చేస్తాం. నేను ఆపకుండా చివరి వచనం దాకా వెళ్ళాను. బబులోను పసిపిల్లల్ని పట్టుకుని బండకేసి కొట్టేవాడు ధన్యుడు అన్న వచనం.

ఆమె చిక్కుడుకాయల చేట పక్కకు జరిపింది. "ఇది గూడ బైబిల్ల ఉన్నదా?" అంది. ఉందన్నాను. మళ్ళీ చదవమంది. చదివాను. అప్పుడు ఏడ్చింది, మూడు వారాల్లో మొదటిసారని కోడలు తర్వాత చెప్పింది.

ఆ వచనం గురించి నేను అంతకుముందు తెగ ఇబ్బంది పడేవాణ్ణి. ఆ రోజు అర్థమైంది, అది దేవుడు ఇచ్చిన ఆజ్ఞ కాదు. క్రీస్తుపూర్వం 587 ప్రాంతంలో బబులోను సైన్యం చేతిలో యెరూషలేము కూలినప్పుడు తమ బిడ్డలు అలాగే చావడం చూసినవాళ్ళ నోట వచ్చిన మాట. కడుపు కాలినవాళ్ళ శాపనార్థం. వాళ్ళు కత్తి పట్టుకుని బయల్దేరలేదు, ఆ మాటను ప్రార్థనలో పెట్టారు. పెట్టాక దేవుడు దాన్ని చెరిపేయనూ లేదు, శభాష్ అననూ లేదు. ఆ నాయనమ్మ ఏ డాక్టరమ్మకూ కీడు చేయలేదు. చేయాలనుకోనూ లేదు.

కాబట్టి కష్టమైన వాక్యం ఎదురైతే నేను మొదట చూసేది ఇదే: ఈ మాట ఎవరి నోట వస్తోంది, ఎవరి మీద పడుతోంది? న్యాయాధిపతులు గ్రంథంలో యెఫ్తా తన కూతుర్ని మొక్కుబడికి బలి పెడతాడు. పంతొమ్మిదో అధ్యాయంలో లేవీయుడి ఉపపత్నికి జరిగినది నేను ఇక్కడ రాయలేను. అవి "ఇలా చేయండి" అని రాసినవి కావు. "ఆ దినాల్లో ఇశ్రాయేలులో రాజు లేడు, ఎవరికి తోచింది వాళ్ళు చేశారు" అని గ్రంథమే తలపట్టుకుంటుంది. బైబిల్లో ఉన్నంత మాత్రాన బైబిలు మెచ్చుకున్నట్టు కాదు. ఇంత చిన్న విషయం పిల్లలకు చెప్పకపోవడం వల్లే సగం తిప్పలు.

అయితే మీ పాప ప్రశ్న అలా తేలేది కాదు. సమూయేలు నోట వచ్చింది శాపనార్థం కాదు, అది యెహోవా సెలవిచ్చే మాటగానే మొదలవుతుంది. ఇక్కడ నేను చాలాకాలం తంటాలు పడ్డాను. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర థియొలాజికల్ కాలేజీలో చదువుకున్న మిత్రుడొకడు పుస్తకాలు తెచ్చిచ్చేవాడు. శనివారం రాత్రుళ్ళు అవే పని.

అప్పట్లో రాజులు యుద్ధం గురించి రాసుకునే భాషే వేరని అలా తెలిసింది. ఐగుప్తు (ఈజిప్టు) రాజు, ఫరో మెర్నెప్తా క్రీస్తుపూర్వం 1208 ప్రాంతంలో ఒక శిలాశాసనం చెక్కించాడు. "ఇశ్రాయేలు పాడైపోయింది, దాని విత్తనమే లేదు" అని అందులో ఉంది. ఇశ్రాయేలు ప్రస్తావన బైబిలు బయట దొరికే అతి పాత శాసనం అదే, అందులోనే వాళ్ళు అంతమైపోయారు! తర్వాత మూడున్నర శతాబ్దాలకు ఇశ్రాయేలు పొరుగు దేశం మోయాబు రాజు మేషా కూడా ఇశ్రాయేలు శాశ్వతంగా నాశనమైందని రాతి మీద చెక్కించాడు. మన బైబిల్లో రెండో రాజుల గ్రంథం మూడో అధ్యాయంలో కనిపించే మేషానే. 1868లో దొరికిన ఆ రాయి ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉంది. తన దేవుడి పేరిట ఒక ఊరి మొత్తాన్ని హతం చేశానని చెప్పడానికి అతను వాడిన మాట, హీబ్రూ బైబిల్లో ఈ నిర్మూలనకు వాడే మాట ఒకటే ధాతువు. అంటే ఇరుగుపొరుగు రాజులందరూ ఒకే భాషలో గొప్పలు చెప్పుకునేవాళ్ళు. మన బైబిల్లోనే చూడండి. పదిహేనో అధ్యాయంలో సమూలంగా నిర్మూలమైన అమాలేకీయులు ముప్పయ్యో అధ్యాయంలో దావీదు లేనప్పుడు వచ్చి అతని ఊరు సిక్లగును తగలబెడతారు. దావీదు వెంటపడితే నాలుగు వందల మంది ఒంటెలెక్కి పారిపోతారు కూడా.

ఇది తెలిశాక కొన్నాళ్ళు చాలా ఊరట. తర్వాత ఆ ఊరట నిలబడలేదు. అతిశయోక్తే అనుకుందాం. పసిపిల్లల్ని చంపాం అని అతిశయోక్తిగా దేవుడి పేరిట చెప్పుకోవడం మాత్రం బాగుందా?

ఇంకో దారి మన ప్రసంగాల్లో మీరు వినే ఉంటారు: అమాలేకు అంటే మన శరీర కోరికలు, వాటిని పూర్తిగా చంపాలి, సౌలు ప్రాణాలతో వదిలిన అమాలేకు రాజు అగగులాంటి వాటిని దాచుకోవద్దు. ఇది నిన్నమొన్నటిది కాదు. మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిగెన్, కనానును జయించిన యెహోషువ యుద్ధాలను లోపలి యుద్ధాలుగానే చదివాడు. ఐగుప్తు తొలిచూలు పిల్లల మరణం దగ్గర నాలుగో శతాబ్దపు నిస్సా బిషప్పు గ్రెగరీ, ఇందులో న్యాయమెక్కడ అని నేరుగా అడిగి, తర్వాతే ఆత్మసంబంధమైన అర్థానికి వెళ్ళాడు. వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కానీ "అమాలేకు" అన్న మాట ఎప్పుడూ లోపలే ఉండిపోదు. 1689లో అమెరికాలో కాటన్ మాథర్ అనే పాస్టర్ అక్కడి మూలవాసుల్నే అమాలేకు అని సైనికులకు ప్రసంగించాడు. అంతదూరం ఎందుకు, మా సంఘం ఎన్నికల్లో అవతలి ప్యానెల్‌ని అమాలేకీయులన్న పెద్దమనిషి ఉన్నాడు. ఓడిపోయాడు లెండి.

పోనీ ఇలాంటి పేజీలు చింపేద్దామా? రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు పాత నిబంధన మొత్తం వద్దన్నాడు. సంఘం ఒప్పుకోలేదు. నాకూ ఇష్టం లేదు. చింపేస్తే ఆ నాయనమ్మ కీర్తన కూడా దాంతోనే పోయేది.

చివరికి నన్ను నిలబెట్టింది ఏమిటంటే, మీ పాప ప్రశ్న బైబిలే అడుగుతుంది. అమాలేకు పేరు తుడిచేయమన్న మాట ద్వితీయోపదేశకాండం 25లో ఉంది. తండ్రుల దోషాన్ని బట్టి పిల్లలకు మరణశిక్ష వేయకూడదన్న మాట 24లో ఉంది. నా బైబిల్లో ఈ రెండూ ఎదురెదురు పేజీలు, పుస్తకం మూస్తే ఒకదాని ముఖం ఒకటి తాకుతుంది. యెహెజ్కేలు 18 మొత్తం ఇదే వాదన. అబ్రాహామైతే, దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం కోసం ఆయనతోనే బేరమాడతాడు: సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా? యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్ముదులో ఇంకా సూటిగా ఉంది. అందులో సౌలు అంటాడు: పెద్దలు తప్పు చేశారే అనుకో, చిన్నపిల్లలు ఏం తప్పు చేశారు? పదిహేను వందల ఏళ్ళ కిందటి గ్రంథంలో అక్షరాలా మీ పాప మాటే. సౌలుకు అక్కడ మెచ్చుకోలేమీ దొరకదు, నిజమే. కానీ ఆ ప్రశ్నను ఎవరూ కొట్టేయలేదు, రాసి ఉంచారు.

ఇక యేసు దగ్గరికి. ఇశ్రాయేలీయులకు ముందు ఆ దేశంలో ఉన్న కనానీయుల గురించి ద్వితీయోపదేశకాండం ఏడులో "వారిని కరుణింపకూడదు" అని ఉంటుంది. మత్తయి పదిహేనులో ఒక తల్లి, దయ్యం పట్టిన కూతురి కోసం, యేసు వెనక కేకలేస్తూ వస్తుంది: "నన్ను కరుణింపుము." ఆమెను మార్కు సురోఫెనికయ వంశస్థురాలంటాడు. మత్తయి మాత్రం పనిగట్టుకుని పాత పేరు తీస్తాడు: కనాను స్త్రీ. నాకు ఇది కాకతాళీయం అనిపించదు. కరుణించకూడదన్న జాతి పేరుతోనే ఒకామె వచ్చి కరుణ అడిగింది, దొరికింది. మధ్యలో యేసు ఆమెతో అన్న మాట, పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదన్నది, నాకు ఇప్పటికీ గొంతు దిగదు. దాని మీద కూడా పిల్లలు అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

నా అభిప్రాయం చెప్తాను, మీ పాస్టర్ గారు ఒప్పుకోకపోవచ్చు, మా అయ్యగారూ ఒప్పుకోరు. దేవుడు పసిపిల్లల్ని చంపమన్నాడని నేను నమ్మను. ఆ కాలపు మనుషులు తమ కాలపు యుద్ధభాషలోనే ఆయన్ని విన్నారనీ, సమరయుల ఊరి మీద అగ్ని కురిపిద్దామా అన్న యాకోబు, యోహానులను గద్దించిన యేసు దగ్గర ఆ వినడం సరిదిద్దబడిందనీ నమ్ముతాను. "అయితే మిగతా వచనాలు ఎలా నమ్ముతావు?" అని అయ్యగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆదివారం ఆరాధన అయ్యాక ఇరానీ హోటల్లో చాయ్ మీద ఇద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం, బిల్లు మాత్రం ఆయనే కడతారు.

మీ పాపకు మేషా శాసనం అక్కర్లేదు. ముందు "నువ్వు అడిగింది మంచి ప్రశ్నే, అబ్రాహాము కూడా ఇలాగే అడిగాడు" అనండి. నాకు కూడా ఆ వచనం చదివితే బాధేస్తుందని చెప్పండి, నిజంగా వేస్తుంటేనే. తర్వాత పిల్లల్ని ఎత్తుకుని ఆశీర్వదించిన యేసు కథ తీసి ఇద్దరూ కలిసి చదవండి. ఈయన అలా చెప్తాడంటావా అని తననే అడగండి. తను ఏమన్నా మధ్యలో దూరి సరిచేయకండి. అన్నిటికంటే ముందు ఇంకొకటి కనుక్కోండి: ఈ మధ్య తన క్లాసులోనో, మీ వీధిలోనో ఏ ఇంట్లోనైనా పసిబిడ్డ పోయిందా అని. నేను అడగలేదు.