పాఠకుల ప్రశ్నలు: ఏ నంబరు ఇంజను, ఏ సంవత్సరం నాటిది?

ప్రశ్న: హెచ్‌ఓ స్కేలులో (అసలు కొలతల్లో 87వ వంతు) డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను నమూనాను ప్లాస్టిక్ షీటుతో తయారు చేస్తున్నాను. కాజీపేట షెడ్డు ఇంజన్ల ఫోటోలు చాలా పోగు చేశాను గాని ఏ రెండింటికీ పొంతన కుదరడం లేదు. హెడ్‌లైట్లు, అద్దాల మీది జాలీలు, ముందు వేలాడే బ్రేకు గొట్టాలు అన్నీ తేడాగానే ఉన్నాయి. ఏది అసలైనది? పైగా 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద బండి ఇరుకుగా కనిపిస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: అన్నీ అసలైనవే. మొదటి ఇంజన్లు 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థ నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోనే తయారయ్యాయి. దశాబ్దాలపాటు పనిచేసిన ఈ తరగతిలో, ప్రతి పెద్ద మరమ్మతు సమయంలోనూ ఏదో ఒకటి మారుతూనే వచ్చింది కనుక, పది ఫోటోల నుంచి పది భాగాలు ఏరి అతికిస్తే, ఏనాడూ ఏ పట్టా మీదా నడవని ఇంజను తయారవుతుంది. ముందుగా ఒక నంబరును, ఒక సంవత్సరాన్ని ఎంచుకోండి. ఆ ఇంజనుకే చెందిన రెండు మూడు ఫోటోలు దొరికితే చాలు, మిగతా కట్టను పక్కన పెట్టేయవచ్చు.

నంబరు చూసేటప్పుడు చివర ఆర్ అనే అక్షరం ఉందేమో గమనించండి. 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2ను 3,100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-3ఏగా పునర్నిర్మించినప్పుడు పాత నంబరుకే ఆ అక్షరాన్ని చేర్చేవారు. అది కనిపించిన ఫోటో మీ డబ్ల్యూడీఎం-2కు పనికిరాదు. బ్రేకు గొట్టాలు కాలాన్ని ఇంకా స్పష్టంగా చెబుతాయి: వాక్యూమ్ బ్రేకుల రోజుల్లో బఫర్ బీమ్ (ఇంజను ముందు భాగంలో బఫర్లు బిగించే అడ్డదూలం) దగ్గర లావుపాటి వాక్యూమ్ గొట్టం ఉండేది, ఎయిర్ బ్రేకులు వచ్చాక సన్నని బ్రేక్ పైపు, ఫీడ్ పైపు చేరాయి. రెండు రకాల బండ్లనూ లాగేలా మార్చిన ఇంజన్లకు రెండూ ఉంటాయి. కాబట్టి మీరు ఎంచుకున్న సంవత్సరానికి, వెనక తగిలించబోయే పెట్టెలకు పొసిగే గొట్టాలనే పెట్టాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా తరచుగా తప్పిపోయేది బోగీయే, అంటే రైలు పెట్టె కాదు, ఇంజను కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం. మూడు ఇరుసులకూ మూడు మోటార్లు ఇమిడ్చే ట్రైమౌంట్ అమరిక వల్ల మధ్య ఇరుసు సరిగ్గా నడిమికి రాదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. బజారులో దొరికే సమదూర ఇరుసుల మెకానిజం పెడితే, పైన ఎంత చక్కగా రివెట్లు కొట్టినా, పక్క నుంచి చూసినవారికి తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఏ బోగీ ఎటు తిరిగి ఉందో పక్క నుంచి నేరుగా తీసిన ఫోటోలో చూసి, ఇరుసుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. ఫోటోలో కొలతకు ఆధారం కావాలంటే చక్రం ఉంది: కొత్త చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో పన్నెండున్నర. బఫర్ల అంచుల మధ్య 17.12 మీటర్ల పొడవు దాదాపు 197 మిల్లీమీటర్లు అవుతుంది. రంగు సంగతికి వస్తే, షెడ్డు రంగులు కూడా మారుతూ వచ్చాయి కనుక మీరు ఎంచుకున్న ఇంజను ఫోటోనే నమ్మండి.

ఇక పట్టాల వెడల్పు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో అది 19.2కు పైనే ఉండాలి. మీ పట్టాలు 1,435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయేవి, అందుకే ఆ ఇరుకు. మొత్తం నమూనాను దాదాపు 1:101.6కి కుదించి లెక్క సరిపెట్టేవారూ ఉన్నారు గాని, అప్పుడు కొన్న పెట్టె గాని, స్టేషను గాని పక్కన ఇమడవు. నేను ఆ దారి సూచించను. అద్దాల పెట్టెలో ఉంచడానికైతే సరైన వెడల్పుతో పట్టాలు మీరే వేసుకోండి. మిత్రుల లేఅవుట్ (నమూనా రైళ్లు నడిపే పట్టాల అమరిక) మీద నడపాలంటే 16.5తోనే రాజీపడి, బోగీ పక్క ఫ్రేములను మాత్రం నిజమైన వెడల్పులో, చక్రాలకు కాస్త దూరంగా అమర్చండి. మామూలుగా చూసే కోణంలో ఫ్రేమే చక్రాన్ని కప్పేస్తుంది కనుక, ఎదుట నుంచి వంగి చూస్తే తప్ప ఆ లోటు బయటపడదు.