కొరియాకి మొదటి పోస్టింగ్ వచ్చింది, వెళ్లేముందు ఏమేం చూసుకోవాలి?

తమ్ముడూ, నీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. అమెరికా ఆర్మీలో చేరాక దేశం దాటి వెళ్లడం ఇదే మొదలు, క్యాంప్ హంఫ్రీస్, ఆర్డర్స్‌లో కుటుంబం లేకుండా 12 నెలలు అని ఉంది. పెళ్లయి ఏడాది కాలేదు, మీ ఆవిడకి గ్రీన్ కార్డు వచ్చింది కానీ పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే. హనుమకొండలో అమ్మానాన్న టీవీలో ఉత్తర కొరియా మిసైళ్లు చూసి రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం కొనుక్కోవాలి, ఏం సర్దుకోవాలి అని అడిగావు. మాది గుంటూరు వైపు, హంఫ్రీస్‌లోని ఆర్మీ ఆసుపత్రిలోనే పనిచేసి వచ్చాను కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

కొనడం గురించి అసలు ఆలోచించకు. అమెరికా బయట ఆ దేశానికి ఉన్న ఆర్మీ స్థావరాల్లో హంఫ్రీసే అన్నిటికంటే పెద్దది, 2018లో సియోల్‌లోని యోంగ్సాన్ నుంచి కొరియాలోని అమెరికా బలగాల హెడ్‌క్వార్టర్స్ కూడా అక్కడికే మారింది. దుప్పటి దగ్గర్నుంచి టీవీ దాకా అన్నీ పీఎక్స్‌లో, అంటే బేస్‌లోని దుకాణంలో దొరుకుతాయి. చలికోటు కొనకు, చలి సామాను అక్కడి సీఐఎఫ్‌లో, అంటే సైనికులకి సామాను ఇచ్చే చోట ఇస్తారు. జనవరిలో రాత్రిపూట మైనస్ పది దాకా పడిపోతుంది, ఆ చలి మనం చూసిన చలి కాదు, కానీ దానికి వాళ్లే ఏర్పాటు చేస్తారు. ఈ నెల రోజులూ నీ సమయమంతా కాగితాల మీదా, ఇంట్లోవాళ్లను సిద్ధం చేయడం మీదా పెట్టు. కొరియాలో నేను చూసిన కుర్రాళ్లలో ఇబ్బంది పడ్డవాళ్లంతా వెనక ఇంట్లో ఏదో తేలకుండా వచ్చినవాళ్లే, బ్యాగులో ఏదో మర్చిపోయి బాధపడ్డవాడు ఒక్కడూ కనబడలేదు.

ముందు మీ ఆవిడ సంగతి. తను రావాలనుకుంటే సరైన దారి ఒక్కటే, కమాండ్ స్పాన్సర్‌షిప్, అంటే కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడానికి ఆర్మీ ఇచ్చే అధికారిక అనుమతి. యూనిట్ ద్వారా అప్లై చేయాలి, తనకి మెడికల్ స్క్రీనింగ్ చేస్తారు, ఒప్పుకుంటే నీ టూర్, అంటే అక్కడ ఉండాల్సిన కాలం కూడా పెరుగుతుంది. పెరిగితే పెరగనీ, ఇద్దరూ కలిసి ఉండాలనుకుంటే ఆ మాట ఇప్పుడే చెప్పు, అక్కడికి వెళ్లాక చూద్దాంలే అనుకోకు. స్పాన్సర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో భార్యని తెచ్చుకున్నవాళ్లని ఆసుపత్రిలో చాలామందిని చూశాను. టికెట్ మనదే, బేస్‌లో ఇల్లు ఇవ్వరు, ఆసుపత్రిలో ఖాళీ ఉంటేనే చూస్తారు. సైనిక కుటుంబాల ఆరోగ్య బీమాలోని ట్రైకేర్ ప్రైమ్ రాదు కాబట్టి బయట కొరియన్ ఆసుపత్రికి వెళ్లి ముందు జేబులోంచి కట్టి, తరువాత క్లెయిమ్ పెట్టుకుని ఆ డబ్బు కోసం ఎదురుచూడాలి. ఒక అమ్మాయి, మనవైపు అమ్మాయే, ఐదో నెల కడుపుతో కౌంటర్ దగ్గర ఫైలు పట్టుకుని నిలబడి, ఈ వారం అపాయింట్‌మెంట్ లేదంటే ఏం చేయాలో తెలియక భర్తకి ఫోన్ చేస్తే అతను ఫీల్డ్ శిక్షణలో ఉన్నాడు, ఫోన్ తీయలేదు. నేను పక్కన కూర్చోబెట్టి బయట ఎక్కడికి వెళ్లాలో రాసిచ్చాను. చట్టం ప్రకారం ఎవరి తప్పూ లేదు, కానీ ఆ అవస్థ పడాల్సిన పని లేదు కదా.

స్పాన్సర్‌షిప్ వస్తే తన ఇండియన్ పాస్‌పోర్టు మీద కొరియా ఏ-3 వీసా వేయించాలి, అది అమెరికా బలగాల విషయంలో రెండు దేశాల మధ్య ఉన్న సోఫా ఒప్పందం కింద వచ్చే వీసా, టూరిస్టు వీసా మీద వచ్చేసి తరువాత మార్చుకుందాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. పౌరసత్వం విషయం కూడా లీగల్ ఆఫీసులో అడుగు. ఆర్డర్స్ మీద భర్తతో పాటు విదేశంలో ఉండే భార్యకి ఆ కాలం అమెరికాలో ఉన్నట్టే లెక్కేసే వెసులుబాటు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది.

తను రాకుండా ఈ ఏడాదీ ఇండియాలో పుట్టింట్లో ఉంటుందంటే మాత్రం జాగ్రత్త. నీతో కలిసి విదేశంలో ఉండేవాళ్లకి ఇచ్చే ఆ వెసులుబాటు అప్పుడు వర్తించదు. ఆరు నెలలు దాటితే పౌరసత్వం లెక్క తెగిపోయిందా అనే ప్రశ్న వస్తుంది, ఏడాది దాటితే గ్రీన్ కార్డు మీద తిరిగి రానివ్వరు. దాటే అవకాశం కొంచెం ఉన్నా ఐ-131 ఫారం పెట్టి రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, అది అమెరికాలో ఉన్నప్పుడే పెట్టాలి, వేలిముద్రలకి కూడా ఇక్కడే పిలుస్తారు. టికెట్లు బుక్ చేసేముందే ఈ పని చేయి. తను ఇండియా వెళ్తే నీ హౌసింగ్ అలవెన్సు ఏమవుతుందో ఫైనాన్స్‌లో అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తీసుకో. నోటిమాట పనికిరాదు.

అమెరికాలోనే ఉంటానంటే ఇంకొక సంగతి. కొత్తగా వచ్చిన అమ్మాయి బేస్ పక్కన అపార్ట్‌మెంట్‌లో డ్రైవింగ్ రాకుండా ఒంటరిగా ఏడాది ఉండటం చాలా కష్టం. నువ్వు వెళ్లేలోపు లైసెన్సు, తన పేరు కూడా ఉన్న బ్యాంకు ఖాతా, సైనిక కుటుంబాల జాబితా అయిన డీర్స్‌లో నమోదు, ఐడీ కార్డు, ఇవన్నీ తన చేతిలో ఉండాలి. పవర్ ఆఫ్ అటార్నీ లీగల్ ఆఫీసులో ఉచితంగా రాసిస్తారు, కారు, ఇల్లు, పన్నులు అని ఏ పనికి ఆ పని పేరు పెట్టి రాయించు. ఇల్లు వదిలేయాలనుకుంటే ఆర్డర్స్ కాపీతో నోటీసు ఇస్తే సైనికులకి రక్షణ ఇచ్చే ఎస్‌సీఆర్‌ఏ చట్టం కింద లీజు రద్దవుతుంది, నోటీసు తరువాత వచ్చే అద్దె తేదీ నుంచి 30 రోజులకి బాధ్యత తీరిపోతుంది, పెనాల్టీ అడిగితే కట్టక్కర్లేదు. డీడీ-93 (అత్యవసరంలో ఎవరికి చెప్పాలో రాసే ఫారం), ఎస్‌జీఎల్‌ఐ (సైనికుల జీవిత బీమా) రెండూ తెరిచి చూడు. పెళ్లికి ముందు నింపినవైతే అందులో ఇంకా నాన్న పేరే ఉంటుంది. ఎస్‌జీఎల్‌ఐ 2023 మార్చి నుంచి 5 లక్షల డాలర్ల దాకా ఉంది, అది ఎవరికి వెళ్లాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని రాయి, అపశకునం అనుకోవద్దు.

ఇప్పుడు అమ్మానాన్న. వాళ్లు భయపడటం సహజమే, కొట్టిపారేయకు. 1953 జూలై 27న జరిగింది కాల్పుల విరమణ ఒప్పందం మాత్రమే, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు, అందుకే అక్కడ ఇరవై ఎనిమిది వేల మందికి పైగా అమెరికా సైనికులు ఉంటారు. అది దాచకుండా చెప్పు. అయితే హంఫ్రీస్ ఉన్న ప్యోంగ్‌టెక్ సియోల్‌కి దక్షిణాన ఉంటుందని, సరిహద్దుకి దూరమని, చుట్టూ మామూలు ఊళ్లే అని, పిల్లలు బడికి వెళ్తూ జనం మార్కెట్లకి తిరుగుతూ ఉంటారని కూడా చెప్పు, వీడియో కాల్‌లో చూపించు. మా నాన్నకి నేను ఇంకో కథ చెప్పాను. కొరియా యుద్ధంలో మన దేశం తుపాకులు పంపలేదు, వైద్యులని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ నడిపిన 60వ పారాషూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 చివర్లో అక్కడికి చేరింది, 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు వాళ్లలో కొందరు విమానం నుంచి దూకి గాయపడ్డవాళ్లకి వైద్యం చేశారు. అదే దేశంలో నేనూ వైద్యం పనికే వెళ్తున్నానని చెప్పాక నాన్న మాట మారింది. నీది వేరే పని కావచ్చు, అయినా వాళ్లకి పట్టుకోవడానికి మిసైళ్లు కాకుండా ఇంకొకటి ఇవ్వు. కుదిరితే సియోల్‌లోని యుద్ధ స్మారక మ్యూజియానికి ఒకరోజు వెళ్లు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పు. నువ్వు ఏ యూనిట్, ఏ తేదీన బయల్దేరుతున్నావు, ఎక్కడ దిగుతున్నావు అనేది నాన్న వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు, కుటుంబం గ్రూపులో కూడా వద్దు. గర్వంతో పెడతారు, ఆ గర్వం మంచిదే, కానీ ఆ గ్రూపులో పెదనాన్న కొడుకు స్నేహితుడి దాకా అందరూ ఉంటారు. చేరాక ఫొటో ఒకటి పెట్టుకోమను, యూనిఫాం మీద పేరు, యూనిట్ గుర్తు కనబడనిది.

అత్యవసరం వస్తే కబురు ఎలా పంపాలో వాళ్లకి నేర్పించు. అందరూ వదిలేసే పని ఇదే. ఇంట్లో ఎవరికైనా సీరియస్ అయితే అమెరికన్ రెడ్‌క్రాస్‌కి చెప్పాలి, వాళ్లు ఆసుపత్రితో నిర్ధారించుకుని నీ కమాండర్‌కి సందేశం పంపుతారు, దాని మీద ఎమర్జెన్సీ లీవు త్వరగా తేలుతుంది. మా నాన్నకి గుండెనొప్పి వచ్చినప్పుడు తమ్ముడు ఆన్‌లైన్‌లో పెట్టాడు, వాళ్లు అడిగింది నా పూర్తి పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్ చిరునామా, నాన్న ఏ ఆసుపత్రిలో ఉన్నారు, డాక్టరు పేరు, ఫోన్ నెంబరు. ఐసీయూ బయట నిలబడి ఇవన్నీ వెతుక్కోవడం ఎంత నరకమో ఆలోచించు. నేను ముందే ఒక కాగితం మీద నా వివరాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించి వచ్చాను, తమ్ముడు డాక్టరు వివరాలు మాత్రం అడిగి కలిపాడు. నువ్వూ అలాగే చేయి. నువ్వు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వీసా లేకుండా ఇండియా వెళ్లనిచ్చే ఓసీఐ కార్డు వెళ్లేముందే చేతికి రావాలి. అది లేకపోతే ఇంచియాన్ నుంచి ఢిల్లీకి నేరుగా విమానం ఉన్నా వీసా కోసం ఆగిపోతావు. ఇండియా వెళ్లడానికి యూనిట్ అనుమతి, సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంటే విదేశీ ప్రయాణం రిపోర్టు చేయడం కూడా ఉంటాయి, ఆ పద్ధతి చేరిన మొదటి వారంలోనే తెలుసుకో.

తిండి సంగతికి వస్తే, అమ్మ ఇచ్చే మసాలా పొడి విషయం చాలా సీరియస్‌గా చెబుతున్నాను. మన ఇళ్లలో కోడికూర మసాలాలో గసగసాలు వేస్తారు. 2023 ఫిబ్రవరిలో పెంటగాన్ సైనికులందరికీ గసగసాలు తినవద్దని హెచ్చరిక ఇచ్చింది, కొన్ని రకాల గింజల మీద ఉండే పదార్థం వల్ల మూత్ర పరీక్షలో కోడీన్ తేలే ప్రమాదం ఉంది. అమ్మ చేసిన కూర అని చెబితే అప్పుడు ఎవరూ వినరు, ఉద్యోగం మీదికి వస్తుంది. గసగసాలు లేకుండా, జీడిపప్పో కొబ్బరో వేసి విడిగా కొట్టివ్వమని చెప్పు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఎండు మాంసం లాంటివి బ్యాగులో పెట్టకు, కొరియా క్వారంటైన్‌లో మాంసం పదార్థాలు రానివ్వరు, జరిమానా కూడా గట్టిగానే ఉంటుంది. ఆవకాయ, గోంగూర, కందిపొడి నాకెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, అయినా డిక్లరేషన్‌లో రాసేయి. కందిపప్పు, చింతపండు సియోల్‌లో ఇతేవన్ మసీదు చుట్టుపక్కల కొట్లలో దొరుకుతాయి. నువ్వు గొడ్డుమాంసం, పందిమాంసం తినకపోతే బయట హోటల్లో అడిగి తిను, కిమ్చీలో కూడా చాలాచోట్ల రొయ్యల ఉప్పుచారు కలుపుతారు. ఇంకో మంచి విషయం, కొరియాలో కరెంటు 220 వోల్టులు, అమెరికాలో మూలన పడేసిన మన ఇండియా మిక్సీ అక్కడ శుభ్రంగా తిరుగుతుంది, పిన్ను మార్చే అడాప్టర్ ఒకటి చాలు. బారక్స్‌లో వంటకి ఏం అనుమతి ఉందో మాత్రం ముందు అడుగు.

ఫోను. బ్యాంకులన్నీ ఓటీపీ పంపేది నీ అమెరికా నెంబరుకి, అది ఆగిపోతే నీ డబ్బు నీకే అందదు. ఆ నెంబరు బతికి ఉండేలా తక్కువ ప్లాన్‌కి మార్చి, ప్రతి ఖాతాలో యాప్ ద్వారా ధృవీకరణ పెట్టుకో. ఇండియాలో ఖాతా ఉంటే దాని నెంబరు కూడా చూడు. నేనున్నప్పుడు గూగుల్ మ్యాప్స్ కొరియాలో నడక దారి కూడా సరిగా చూపించేది కాదు, దారికి నేవర్ మ్యాప్, మెసేజీలకి కకావో టాక్, అనువాదానికి పాపాగో, ఈ మూడూ విమానం ఎక్కేముందే వేసుకో.

అక్కడ ఉద్యోగంలో నీ పక్కన కటూసాలు ఉంటారు, అంటే అమెరికా యూనిట్లలో పనిచేసే కొరియా సైనికులు, 1950 నుంచి ఉన్న పద్ధతి. చాలామంది మంచి యూనివర్సిటీల్లో చదువుతూ మధ్యలో తప్పనిసరి సేవకి వచ్చిన పిల్లలు. వాళ్లతో స్నేహం చేయి, పెద్దవాళ్లకి ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వడం చూస్తే మన ఇల్లే గుర్తొస్తుంది. గేటు బయట వీధుల్లో సోజూ అనే కొరియా మద్యం చవగ్గా దొరుకుతుంది, మొదటి నెలల్లో ఒంటరితనానికి దాన్ని మందు చేసుకున్న కుర్రాళ్లు ఎమర్జెన్సీకి రావడం నేను చూశాను. శని, ఆదివారాల్లో గదిలో ఉండిపోకు. ఒకటో నెంబరు రైలు ఎక్కితే సువోన్, అక్కడ మనవాళ్లు ఉద్యోగాలు చేస్తూ బాగానే ఉన్నారు, ఉగాదికో సంక్రాంతికో కలుస్తారు, వెళ్లి కలువు.

ఈ వారంలోనే నీ యూనిట్ స్పాన్సర్‌కి, అంటే కొత్తగా వచ్చేవాళ్లకి సాయం చేయడానికి అక్కడి యూనిట్ పెట్టిన సైనికుడికి మెయిల్ పెట్టు. సియాటిల్ నుంచి ఒసాన్ వైమానిక స్థావరానికి సైన్యం నడిపే పేట్రియాట్ ఎక్స్‌ప్రెస్ విమానమా, ఇంచియాన్‌కి మామూలు విమానమా, దిగాక ఎవరు కలుస్తారు, బారక్స్ గదిలో ఏముంటాయి, కమాండ్ స్పాన్సర్‌షిప్‌కి ఇంకా టైముందా అని అడుగు. రెండు రోజుల్లో జవాబు రాకపోతే మీ ఫస్ట్ సార్జెంట్‌కి చెప్పు, మొహమాటపడకు.