నాలుగు అంకెలు పంపాకే అడ్వాన్సు ఇవ్వు

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

బెంగళూరులో నీ మారుతి ఎస్టీమ్ కారుకి ఇంజన్ కట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. స్వయంగా పానా పడుతున్నందుకు గర్వంగా ఉందిరా. కానీ ఉన్న 1.3 లీటర్ల ఇంజన్‌కే బోరింగ్ (సిలిండర్లు వెడల్పు చేయడం) చేయించి, క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) మార్చి, హెడ్ ఫేసింగ్‌తో (సిలిండర్ల పై మూత అడుగు గీయించి) పవర్ లాగుతావట. నా దిగులంతా దాని గురించే.

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు పెద్ద ఇంజన్ పాతది కొని సీసీ పెంచుకోవడమే చవక. నీ 1.3 బోరు (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5. పాత మారుతి బాలెనో 1.6 ఇంజన్‌కి 75, 90. అంటే 292 సీసీ ఎక్కువ, అదీ విప్పని ఇంజన్‌తోనే. 1.3 కట్టిస్తే పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్ కిట్టు, లేత్ కూలి అన్నీ పోసినా ఆ సీసీ రాదు. క్యామ్ మారిస్తే కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) దానికి సర్దుకోదు. 1.6 కొంటే ఈసీయూ, వైరింగ్ దానివే తీసుకో. అయితే 7,000 ఆర్‌పీఎం దగ్గర దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 21 మీటర్లు, 1.3లో 17.6. ఊరికే రెడ్‌లైన్‌కి (మీటర్లో ఎర్ర గీత దాకా) తిప్పకు.

ఇప్పుడు హెడ్ ఫేసింగ్. వంపు పోయేంత వరకు గీయించడం వేరు, కంప్రెషన్ కోసం గీయించడం వేరు. కంప్రెషన్ రేషియో (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో) 9.5 ఉందనుకో. 74 బోరు మీద ఒక మిల్లీమీటరు తీస్తే పిస్టన్ పైన ఖాళీ దాదాపు 4 సీసీ తగ్గి రేషియో 10.5 దగ్గరికి వెళ్తుంది. హెడ్ కిందికి దిగేసరికి క్యామ్ టైమింగ్ వెనకబడుతుంది, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు తగ్గుతుంది. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, చల్లన. అక్కడ నాకింగ్ (పెట్రోలు వేళ తప్పి పేలే చప్పుడు) వినపడదు, అంతా బాగుందనుకుంటావు. పండక్కి పలమనేరు ఘాట్ దిగి నెల్లూరు వస్తావు చూడు, ఎండలో, చిక్కటి గాలిలో, నలుగురిని ఎక్కించుకుని, మామూలు పెట్రోలుతో! టప్‌టప్‌మని మొదలై రింగుల మధ్య పిస్టన్ గట్టు విరుగుతుంది. వెనక సీట్లో మీ అమ్మ ఉంటుందిరా. అందుకే ఇంత చెప్తున్నా.

శివాజీనగర్‌లో అయినా ఎక్కడైనా కొనేముందు ఇంజన్ వేడెక్కించి, ప్లగ్గులు నాలుగూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కీ గేజ్ పెట్టి కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూడు. నాలుగింటికీ మధ్య తేడా పది శాతం దాటితే వద్దు. తక్కువ చూపించిన దాంట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులో గాస్కెటో. అమ్మేవాడు గేజ్ పెట్టనివ్వకపోతే బేరమాడకుండా వచ్చేయ్.

టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు ఇంజన్ బయట ఉండగానే కొత్తవి వేయించు. రేడియేటర్, బ్రేకులకి డబ్బు ముందే పక్కన పెట్టు. ఇంజన్ మార్చే ముందే ఆర్టీఓ అనుమతి తీసుకో, తర్వాత కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించు, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు.

గేజ్ చూపిన నాలుగు అంకెలూ నాకు పంపు. నేను సరే అన్నాకే అడ్వాన్సు ఇవ్వు.

ఇట్లు,
మీ పెదనాన్న