కళ్ల ముందు దోమలు, చీకట్లో మెరుపులు.. పెళ్లయ్యాక చూపించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 54. టీచర్‌ని, మాది సూర్యాపేట. కాలేజీ రోజుల నుంచి మైనస్ 6 అద్దాలు వాడుతున్నాను. నాలుగు రోజులుగా కుడికంటి ముందు దోమలు ఎగురుతున్నట్టు, సాలెగూడు లాంటిదేదో ఊగుతున్నట్టు కనిపిస్తోంది. రాత్రి చీకట్లో తల తిప్పితే పక్క నుంచి మెరుపు మెరిసినట్టు అవుతోంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మెడికల్ షాపులో చుక్కల మందు ఇస్తే వేసుకుంటున్నాను, తగ్గలేదు. శుక్లం మొదలైందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. మూడు వారాల్లో మా అమ్మాయి పెళ్లి. అది అయ్యాక చూపించుకోవచ్చా?

డాక్టర్ సలహా: ఆగొద్దండీ. ఇది చదివిన రోజే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే, కంటి డాక్టర్ దగ్గర ఉండాలి మీరు. పెళ్లి పనులు ఒక్కరోజు ఎవరికైనా అప్పగించండి.

ఇవి శుక్లం లక్షణాలు కావు. కంటిపాప వెనకుండే లెన్స్ మెల్లగా మసకబారడాన్ని శుక్లం అంటాం. అది నెలలు, ఏళ్లు పడుతుంది, ఎదురొచ్చే బండి లైటు చెదిరి కళ్లు జిగేలుమంటాయి, అద్దాల పవర్ మారుతుంటుంది. అంతేగానీ నాలుగు రోజుల్లో దోమల్నీ మెరుపుల్నీ తెచ్చిపెట్టదు. మీ ఇబ్బంది ఆ లెన్స్‌కి ఇంకా వెనక ఉంది.

కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది, మీలా మైనస్ ఎక్కువున్నవాళ్లకి ఇంకాస్త పొడవు. లోపల చాలా భాగం విట్రియస్ అనే పారదర్శకమైన జెల్, దాదాపు 4 మిల్లీలీటర్లు, అందులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే. గట్టిగా తోడుకున్న పెరుగు రెండో రోజుకి నీరు వదిలి గిన్నె అంచుల నుంచి విడిపోతుంది చూడండి, యాభై దాటాక ఈ జెల్ కూడా అలాగే కొంత నీరై, కుంచించుకుని, వెనకున్న రెటీనా అనే చూపు పొర నుంచి విడివడుతుంది. మైనస్ వాళ్లకి ముందే జరుగుతుంది. అప్పుడు జెల్‌లో ముడతలు పడ్డ పోగుల నీడ రెటీనా మీద పడితే అవే మీకు కనిపించే దోమలు, తెల్లగోడనో ఆకాశాన్నో చూస్తే బాగా తెలుస్తాయి. జెల్ విడిపోతూ రెటీనాని లాగినప్పుడల్లా ఆ పొర దాన్ని వెలుగుగానే మెదడుకి చెబుతుంది, దానికి నొప్పి తెలియదు మరి. నొప్పి లేదు కదా అని నిశ్చింతగా ఉండటమే ఇక్కడ చాలామంది చేసే పొరపాటు.

ఎక్కువమందిలో జెల్ పేచీ లేకుండానే విడిపోతుంది. కానీ ఇలా హఠాత్తుగా మొదలైనవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి, అది లాగిన చోట రెటీనా చిరుగుతుంది. చిరుగు చిన్నదే కావచ్చు, అందులోంచి నీరు వెనక్కి దిగిందంటే చెమ్మ పట్టిన గోడ పెచ్చు ఊడినట్టు రెటీనా లేచిపోతుంది. చిరుగు దశలోనే దొరికితే చుట్టూ లేజర్ వేసి అతికిస్తాం, కొన్ని నిమిషాల పని, చాలావరకు ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆ అతుకు గట్టిపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అంటే ఇప్పుడు వెళితే మీ పెళ్లి తేదీకి సరిపోతుంది. ఊడాక వస్తే ఆపరేషనే, లోపల గ్యాస్ నింపితే కొన్ని రోజులు తల వంచుకునో బోర్లానో ఉండాలి, ఆ గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. చూపుకి కేంద్రమైన మాక్యులా కూడా లేచిపోతే ఆపరేషన్ బాగా జరిగినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు.

అద్దాల షాపులో కంప్యూటర్ టెస్ట్ చేయించుకుని అంతా బాగుందని ఊరుకోకండి, అది పవర్ చూస్తుంది తప్ప రెటీనా అంచులు చూడదు. చుక్కలు వేసి కంటిపాపని పెద్దది చేసి చూడాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గర చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి మీరు నడపొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. చిరుగు ఉందంటే రెటీనా డాక్టర్ కావాలి, హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికైనా వెళ్లొచ్చు. చిరుగు లేదన్నా నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ చూపించుకోవాలి, కొన్ని చిరుగులు ఆలస్యంగా వస్తాయి. ఈలోగా రోజూ ఒక్కో కన్ను మూసి చూసుకోండి. ఆ దోమలు ఒక్కసారిగా మసి చల్లినట్టు పెరిగినా, ఓ పక్క నుంచి తెర దిగినట్టు చీకటి వచ్చినా అర్ధరాత్రయినా సరే బయలుదేరాలి. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే లోపల రక్తం కారినా ఇలాగే కనిపిస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

పొన్నగంటి కూర తినండి, మంచిదే, కానీ చిరిగిన పొరని అది అతికించదు. నందివర్ధనం పూలూ అంతే. అన్నీ సవ్యంగా ఉంటే ఆ దోమలు పూర్తిగా పోకపోయినా కొన్ని నెలల్లో కిందికి జారి, మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

ఇక ఆ చుక్కల మందు. దాని పేరు రాయలేదు మీరు. చీటీ లేకుండా ఇచ్చే వాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి, నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు వచ్చే ప్రమాదం ఉంది, శుక్లమూ తొందరగా వస్తుంది. వేయడం ఆపేసి, ఆ సీసాని జేబులో వేసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.