ఆ కంప్యూటర్ ఆట ఆడిస్తే మా బిడ్డ భయం పోతుందా?

ప్రశ్న: మా బిడ్డ ఏడో తరగతి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఇంట్లో తమ్ముడిని ఒక్క మాట మాట్లాడనివ్వదు, గడప దాటితే మాత్రం నోరు పెగలదు. క్లాసులో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందే కానీ పలకదట, తోటి పిల్లలతో కూడా అంతే. పోయినేడు బతుకమ్మ ఆడుదాం రమ్మంటే కడుపునొప్పి అని పడుకుంది. ఏడాది దాటింది. పెద్దయితే అదే పోతుందిలే అంటుంది మా అత్తమ్మ. ఇక్కడ ఒక సెంటర్ వాళ్లేమో కంప్యూటర్ మీద అటెన్షన్ ట్రైనింగ్ ఇస్తామని, 20 సిట్టింగుల్లో భయం పోవడం గ్యారంటీ అని, చదువులో ఏకాగ్రత కూడా పెరుగుతుందని చెబుతున్నారు. ప్యాకేజీ 18,000. కట్టమంటారా అక్కా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: కట్టకండమ్మా. ఆ ఆట ఉత్త మోసమని కాదు, దాని వెనక నిజంగానే పరిశోధన ఉంది, కానీ గ్యారంటీ అనేంత బలం ఆ పరిశోధనకు లేదు. ఏకాగ్రత సంగతంటారా, అది గిరాకీ కోసం కలిపిన మాట. ఈ శిక్షణ మార్కుల కోసం పుట్టింది కాదు.

అసలు ఆ స్క్రీన్ మీద ఏం జరుగుతుందో చెబుతాను, తెలిస్తే మీకే అర్థమవుతుంది. మధ్యలో ఒక ప్లస్ గుర్తు వస్తుంది. అది పోగానే రెండు ముఖాలు, ఒకటి కోపంగా, ఇంకొకటి మామూలుగా, అర సెకను కనబడి మాయమవుతాయి. ఆ రెండింట్లో ఒకదాని చోట చిన్న బాణం గుర్తు వస్తుంది, అది ఎటు చూపిస్తోందో చూసి పిల్ల టక్కున బటన్ నొక్కాలి. మళ్లీ ప్లస్ గుర్తు, మళ్లీ ముఖాలు, ఇలా వందలసార్లు. నిజం చెప్పాలంటే పిల్లలకు మహా విసుగు. భయం ఎక్కువున్నవాళ్ల చూపు ముందు భయపెట్టేదాని మీదకే పోతుంది కాబట్టి అక్కడ వచ్చిన గుర్తును తొందరగా పట్టేస్తారు, అన్న లెక్క మీద 1986లో మెక్‌లియోడ్, మాథ్యూస్, టాటా అనే పరిశోధకులు ఈ పరీక్షను తయారుచేశారు (అప్పట్లో ముఖాలు కాదు, మాటలు చూపించేవారు). తర్వాత దాన్నే శిక్షణగా మార్చారు. గుర్తు ఎప్పుడూ మామూలు ముఖం చోటే వచ్చేలా పెడతారు, పిల్లకు తెలియకుండానే చూపు కోపం ముఖాన్ని వదిలి ఇటు తిరగడం అలవాటవుతుందని ఆశ.

2012లో ఇజ్రాయెల్‌లో 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు 40 మందితో ఇది చేయించి చూస్తే ఆందోళన లక్షణాలు తగ్గాయి, దాంతో అందరికీ ఉత్సాహం వచ్చింది. కానీ తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో మాట్లాడాలన్నా, కలవాలన్నా విపరీతమైన భయం) ఉన్న టీనేజర్లతో చేసి 2019లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలోనైతే, అసలు శిక్షణ తీసుకున్నవాళ్లకూ, గుర్తు రెండు ముఖాల చోటా సమానంగా వచ్చే ఉత్తుత్తి శిక్షణ తీసుకున్నవాళ్లకూ పెద్ద తేడా లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. భయపడే పిల్లలందరి చూపూ కోపం ముఖం మీదకే పోదు, కొందరు దాన్ని చూడలేక ముందే పక్కకు తిప్పేసుకుంటారు. అలాంటి పిల్లకు ఇంకా పక్కకు చూడమని నేర్పి ఏం లాభం? మీ సెంటర్ వాళ్లు ముందు అది పరీక్షించారా, అడగండి.

పోతుందిలే అని కూర్చోవడం కూడా వద్దు. ఈ సమస్య ఎక్కువగా మొదలయ్యేదే ఈ వయసులో. తోటి పిల్లలతో కూడా మాట్లాడలేకపోవడం, ఆరు నెలలకు మించి సాగడం, ఈ రెండూ ఉంటే ఉత్త సిగ్గు అనుకోవద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, ముందు అక్కడ చూపించండి. లేదా 14416కు ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పిల్లల సోషల్ యాంగ్జైటీకి గట్టి ఆధారం ఉన్నది సీబీటీ అనే మాటల చికిత్సకు. భయపడే పనినే చిన్న చిన్న మెట్లుగా చేయిస్తారు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2013లో ఇదే చెప్పాయి, పిల్లలకు మామూలుగా మందులతో మొదలుపెట్టవద్దని కూడా చెప్పాయి.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒకటుంది, అది మీకే కష్టం. ఎవరైనా "పేరేంటి బిడ్డా?" అని అడగ్గానే పేరు, తరగతి, స్కూలు అన్నీ మీరే గడగడా చెప్పేస్తుంటారు కదూ? ఆపండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. పలకకపోతే తిట్టొద్దు, "మాట్లాడదండీ, మస్తు సిగ్గు" అని ఆమె ముందే చెప్పొద్దు.

మీ గల్లీలో కిరాణా కొట్టుతో మొదలుపెట్టండి. మొదటి వారం చీటీ ఇచ్చి ఉప్పు ప్యాకెట్ తెస్తే చాలు, మీరు నాలుగడుగుల దూరంలో ఉండండి. తర్వాత చీటీ లేకుండా నోటితో అడగాలి. ఆ తర్వాత ధర అడగాలి. అది కుదిరాక, ఆ కొట్లో దొరకదని తెలిసిన వస్తువే కావాలని అడిగించండి. ఆయన "లేదమ్మా" అంటాడు, పిల్ల ఉత్త చేతులతో తిరిగొస్తుంది, ఏమీ కాదు. నన్నడిగితే అసలు చికిత్స అక్కడుంది. వద్దనిపించుకుని కూడా తను బాగానే ఉందని పిల్లకు తెలియాలి, అది స్క్రీన్ మీది ముఖాలు చెప్పలేవు. ఒక మెట్టు మీద గుండెదడ తగ్గేదాకా అక్కడే ఉండండి, అలవాటయ్యాకే పై మెట్టు.

బతుకమ్మ ఎలాగూ తొమ్మిది రోజులు. ఎంగిలిపూల నాడు తంగేడు పూలు పేర్చడంలో మీ పక్కన కూర్చుంటే చాలు, మర్నాడు బతుకమ్మను ఎత్తుకుని వాకిట్లోకి తెస్తే చాలు, ఇంకో రోజు వరుసకు అక్కయ్యే పిల్లతో ఒక్క చుట్టు. సద్దుల నాటికి పద్మాక్షి గుట్ట దగ్గర అందరి మధ్యా ఆడకపోతే కొంప మునగదు.

సైకాలజిస్టే చూసి, ఈ సీబీటీతో పాటు ఆ కంప్యూటర్ శిక్షణ కూడా చేద్దామంటే చేయించండి, దాంతో నష్టమేమీ లేదు. దాన్నొక్కదాన్నే నమ్ముకుని 18,000 పోయకండి.

ప్రశ్న: జమ్మికుంట వైపు ఊళ్లో టీచర్‌ను. మా ఆరో తరగతిలో ఒక బాబు చదవమని లేపితే చెమటలు పట్టి నిలబడిపోతాడు. లేపడం మానేశాను. సరైనదేనా?

జవాబు: పూర్తిగా మానేయకండి సార్. ఏ పేరా అడుగుతారో ముందు రోజే చెప్పండి. మొదట పక్కవాడితో కలిసి ఇద్దరినీ చదవమనండి, తర్వాత ఒక్క వాక్యం ఒంటరిగా. చదివాక చప్పట్లు కొట్టించొద్దు, క్లాసంతా తన వైపు చూడటమే వాడికి టెన్షన్. "తర్వాతి పేరా" అని పక్కవాడి దగ్గరికి వెళ్లిపోండి.